జనం లేని కొండ కావాలి: మాంచెస్టర్ నుంచి గంటన్నర లోపు ఎక్కడికి వెళ్లొచ్చు?

గోదారి గట్టు · సెప్టెంబరు 1, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మొన్న బ్యాంక్ హాలిడే సోమవారం మామ్ టార్ ఎక్కాం. నేను, మా ఆవిడ, పదకొండేళ్ల మా అబ్బాయి. క్యాసిల్టన్‌లో కారు పెట్టడానికే గంట పట్టింది. రాళ్లు పరిచిన దారి పొడుగునా మనిషి వెనక మనిషి. పైన ట్రిగ్ పాయింట్ (పాత సర్వే స్తంభం) దగ్గర ఫోటోకి లైన్. పక్కన ఎవరో స్పీకర్‌లో పాటలు పెట్టారు. కొండ చాలా బాగుంది, అది వేరే సంగతి. కానీ దిగి వచ్చేసరికి బజారుకి వెళ్లొచ్చినట్టు అనిపించింది.

మా ఊళ్లో చిన్నప్పుడు తెల్లవారుజామున ఏటిగట్టు మీద నడిస్తే, మన అడుగుల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు. నాకు కావాల్సింది అలాంటి నడక. ఈ దేశం వచ్చి నాలుగేళ్లయింది, ఇంకా దొరకలేదు. రాళ్లు పట్టుకుని ఎక్కే సాహసాలు వద్దు. పది, పన్నెండు కిలోమీటర్లు ముగ్గురం నడవగలం. జనం తక్కువగా ఉండే కొండ ఏదైనా ఉంటే చెప్పండి.

సీమ రాయి · సెప్టెంబరు 1, రాత్రి 10:05

అన్నా, బ్లీక్లో అనే కొండకి వెళ్లండి.

నేను గ్లాసప్ పక్కన తొమ్మిదేళ్లుగా ఉంటున్నా. ఎత్తు 633 మీటర్లు. పీక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్కులో కిండర్ స్కౌట్ కొండ తర్వాత ఇదే ఎత్తయినది. ఆదివారం మధ్యాహ్నం కూడా రెండు మూడు గంటల్లో ఐదారుగురి కంటే ఎక్కువ కనబడరు. కారణం చెప్తా. మామ్ టార్‌కి ఒక ఆకారం ఉంది. కింద నుంచి చూస్తే శిఖరం కనిపిస్తుంది, ఎక్కాలనిపిస్తుంది. బ్లీక్లోకి అది లేదు. బోర్లించిన పెద్ద పళ్లెంలా ఉంటుంది. ఎక్కడ నిలబడ్డా ఇంకా అవతల కొంచెం ఎత్తుగా ఉన్నట్టే కనిపిస్తుంది. ఫోటోలో పడదు. అందుకే జనం రారు.

తేలికైన దారి: ఏ57 రోడ్డు మీద, స్నేక్ పాస్ పైభాగాన కారు ఆపుకోవడానికి రోడ్డు పక్కన కొంచెం జాగా ఉంది. అదే 512 మీటర్ల ఎత్తు. అక్కడ పెన్నైన్ వే అనే పొడవాటి నడకదారి రోడ్డుని దాటుతుంది. మీరు ఉత్తరం వైపు తిరగాలి. మొదట రాతి పలకలు పరిచిన దారి. తర్వాత డెవిల్స్ డైక్ అనే లోతైన గాడిలోంచి వెళ్తుంది, రెండు పక్కలా నల్లమట్టి గోడలు. ఆ తర్వాత హెర్న్ క్లాఫ్ అనే వాగు వెంబడే పైకి. చివర్లో హెర్న్ స్టోన్స్, వెయిన్ స్టోన్స్ అని రాళ్ల గుంపులు, ఆపైన బ్లీక్లో హెడ్. పెద్ద రాళ్లకుప్ప, మధ్యలో ఒక కర్ర పాతి ఉంటుంది. పోను నాలుగు, రాను నాలుగు కిలోమీటర్లు సుమారుగా. మొత్తం కలిపి నూట ఇరవై మీటర్లకు కాస్త ఎక్కువ ఎక్కుతారంతే.

రైల్లో అయితే పికడిలీ నుంచి గ్లాసప్ అరగంట ప్రయాణం. ఓల్డ్ గ్లాసప్ మీదుగా డాక్టర్స్ గేట్ అనే పాత బాట పట్టుకుని ఎక్కొచ్చు. అది మాత్రం పూర్తి రోజు పని.

తొలి అడుగు · సెప్టెంబరు 2, ఉదయం 7:48

లెస్టర్ నుంచి. మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోకండి. ఇలాంటి కొండల పైభాగాన్ని మూర్, మూర్లాండ్ అంటారు కదా, అసలు అదేంటి? అడవా, బీడా, పచ్చికా?

నాగావళి · సెప్టెంబరు 2, మధ్యాహ్నం 1:15

మంచి ప్రశ్న. మూడూ కాదు. తెలుగులో దీనికి సరైన మాట నాకు ఇంతవరకు దొరకలేదు. బీడు అంటే ఎండిన నేల గుర్తొస్తుంది, ఇక్కడ నేల స్పాంజిలా నీళ్లు పట్టి ఉంటుంది. ఊబి అందామంటే, ఊబి పల్లంలో ఉంటుంది, ఇది కొండ నెత్తిన ఉంది.

కుండీల్లో వేసే కోకోపీట్ చూసే ఉంటారు. అది కొబ్బరి పీచు నుంచి వచ్చేది. ఆ పేరులోని అసలు పీట్ ఇక్కడి మట్టి. చలి, ఎడతెగని వాన. చచ్చిన నాచు, గడ్డి నీళ్లలో మునిగి ఉండి పూర్తిగా కుళ్లవు. పొర మీద పొర పేరుకుంటాయి. ఏడాదికి దాదాపు ఒక మిల్లీమీటరు. అంటే మీ నడుము లోతు పీట్ కనిపిస్తే, అడుగున ఉన్నది వెయ్యేళ్ల కిందటి నాచు. దాని మీద హెదర్ పొదలు, బిల్‌బెర్రీ, కాటన్ గ్రాస్ పెరుగుతాయి. చెట్లు దాదాపు ఉండవు.

బ్లీక్లో సంగతి కొంచెం వేరు. ఒకప్పుడు ఇక్కడ పైన మొక్క అనేదే లేకుండా నల్లటి మట్టి మైళ్ల కొద్దీ బయటపడి ఉండేది. మాంచెస్టర్, షెఫీల్డ్ ఫ్యాక్టరీల పొగ వందేళ్లకు పైగా ఆ వానలో కలిసి దీని మీదే పడింది. నాచు చచ్చిపోయింది. దానికి తోడు గొర్రెల మేత, కార్చిచ్చులు. 2003 నుంచి మూర్స్ ఫర్ ద ఫ్యూచర్ అనే భాగస్వామ్య సంస్థ దీన్ని బాగు చేస్తోంది. బయటపడ్డ మట్టి మీద కోసిన హెదర్ కొమ్మలు పరిచారు, జారిపోయే ఒడ్డుల మీద జనపనార వల కప్పారు, గడ్డి విత్తనాలు చల్లారు, నీరు పారిపోకుండా కాలువలకు అడ్డుకట్టలు వేశారు. ఆ తర్వాత స్ఫాగ్నమ్ నాచు నాటడం.

ఆ నాటే పనికి నేనూ రెండు శీతాకాలాలు వెళ్లాను. చేతిలో చిన్న పిలకంత నాచు. కర్రతో తడి మట్టిలో బొక్క చేసి, పిలక దూర్చి, వేలితో ఒత్తడం. మా అమ్మ నారు వేసే చెయ్యే గుర్తొచ్చింది నాకు. ఆ నాచు పిడికెడు తీసి పిండితే తడిగుడ్డ పిండినట్టు నీళ్లు కారతాయి. మళ్లీ అక్కడే పెట్టేస్తే మళ్లీ తాగుతుంది.

పాలమూరు పిల్ల · సెప్టెంబరు 2, రాత్రి 8:40

సీమ రాయి గారు చెప్పింది అంతా నిజం. కానీ పిల్లాడితో వెళ్తున్నారు కాబట్టి మాకు జరిగింది చెప్పాలి అన్నయ్యా. భయపెట్టడానికి కాదు.

రెండేళ్ల కిందట నవంబరులో నేను, మా ఆయన వెళ్లాం. ఆకాశం తేటగా ఉంది. శిఖరం చూసి, అక్కడి నుంచి దక్షిణంగా, ఎప్పుడో ఒక విమానం కూలిన చోటు చూద్దామని దారి వదిలాం. పావుగంటలో మంచు మేఘం దిగింది. దిగింది అంటే, ముందు నడుస్తున్న మనిషి ఎర్ర జాకెట్టు పది అడుగులకు బూడిద రంగైపోయింది.

ఆ కొండ పైభాగం అంతా నీళ్లు కోసిన కాలువలు. వీటిని గ్రఫ్ అంటారు. మనిషి లోతు, కొన్ని ఇంకా లోతు. ఒకదాంట్లోకి జారి, అవతలి ఒడ్డు పాకి ఎక్కితే ముందు ఇంకొకటి. కాలువ ఎటు వంగితే మనమూ అటే వంగిపోతాం, మనకు మాత్రం తిన్నగా నడుస్తున్నట్టే ఉంటుంది. ఒక చోట నా కుడి కాలు మోకాలి దాకా దిగిపోయింది. లాగితే కాలు వచ్చింది, బూటు రాలేదు. మోకాళ్ల మీద కూర్చుని, మోచేతి దాకా చెయ్యి పెట్టి బూటు తీసుకున్నాను. ఆ నీళ్ల చల్లదనం ఎముకకు తగిలింది.

ఫోన్ ముప్పై శాతం చూపిస్తూనే చలికి ఆరిపోయింది. ఆయన ఫోన్‌లో సిగ్నల్ లేదు. మమ్మల్ని బయట పడేసింది ఆయన బ్యాగులో ఉన్న దిక్సూచి, కాగితం మ్యాప్. విమానం చోటుకి తూర్పున హెర్న్ క్లాఫ్ వాగు ఉంది, దాని వెంట దారి ఉంది. అంటే తూర్పు పట్టుకుని పోతే ఎక్కడో ఒక చోట వాగు అడ్డం తగలాలి. దిక్సూచి అరచేతిలో పెట్టుకుని, ముల్లు చెప్పిన వైపున కనిపించే ఒక గడ్డి దుబ్బు చూసుకోవడం, అక్కడికి వెళ్లడం, మళ్లీ ఇంకో దుబ్బు. ఇరవై నిమిషాలు అలాగే. నీళ్ల చప్పుడు వినిపించినప్పుడు నేను ఏడ్చేశాను.

ఎక్కడం తక్కువ కాబట్టి తేలికైన కొండ అనుకుంటాం. ఇక్కడ కష్టం కాళ్లకు కాదు, దారి కనిపెట్టడంలో.

గోదారి గట్టు · సెప్టెంబరు 2, రాత్రి 9:30

చెల్లెమ్మా, చాలా థ్యాంక్స్. మా ఆవిడకు చదివి వినిపించాను. ఇప్పుడు తనకు టెన్షన్, నాకు ఇంకా వెళ్లాలని ఉంది. ఫోన్‌లో మ్యాప్ యాప్ ఉంటే సరిపోదా? దిక్సూచి వాడటం నాకు రాదు.

సీమ రాయి · సెప్టెంబరు 3, ఉదయం 6:55

యాప్ ఉంచుకో అన్నా, నేనూ వాడతా. ఫోన్ లోపలి జేబులో, ఒంటి వేడికి ఉండాలి. కానీ కాగితం మ్యాప్ తప్పనిసరి. ఆర్డినెన్స్ సర్వే ఎక్స్‌ప్లోరర్ ఓఎల్1, డార్క్ పీక్. 1:25,000 స్కేలు, అంటే నాలుగు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. దిక్సూచి ఇంటి పక్క పార్కులోనే నేర్చుకోవచ్చు, ఒక సాయంత్రం చాలు. మీ వాడికి కూడా నేర్పించు, పిల్లలు మనకంటే తొందరగా పట్టుకుంటారు.

మొదటిసారి రాతి పలకలు, వాగు దారి వదలకండి. బ్లీక్లో హెడ్ దాకా వెళ్లి అదే దారిన వెనక్కి. మేఘం కొండ మీద కూర్చుని ఉంటే ఆ రోజు మానేయండి. డిసెంబరులో నాలుగు కొట్టకముందే సూర్యుడు దిగిపోతాడు, కాబట్టి అక్టోబరు మొదట్లో వెళ్తేనే మంచిది. మనిషికో తల లైటు, వాన కోటు, ఒక స్వెట్టర్ ఎక్కువ.

ఇంకో పని ఇప్పుడే చేసెయ్యి. ఫోన్‌లోంచి 999కి రిజిస్టర్ అన్న ఇంగ్లీషు మాట మెసేజ్ పంపి, వచ్చిన జవాబుకి యెస్ అని తిరిగి పంపితే, సిగ్నల్ సరిగా లేని చోట నుంచి మెసేజ్ ద్వారా సాయం అడిగే ఏర్పాటు నమోదవుతుంది. మాట్లాడగలిగితే 999 చేసి ముందు పోలీస్ అడగాలి, వాళ్లకు మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పాలి. వచ్చేది వాలంటీర్లు, డబ్బు తీసుకోరు. విజిల్ ఉంటే నిమిషానికి ఆరు సార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరు.

కృష్ణా తీరం · సెప్టెంబరు 3, మధ్యాహ్నం 12:10

మేము లీడ్స్ నుంచి నాలుగు ఫ్యామిలీలు ఎప్పుడు వెళ్లినా చిన్న గ్యాస్ స్టవ్ తీసుకెళ్తాం. పైన వేడివేడిగా ఉప్మా చేసుకుంటే ఆ రుచే వేరు. అక్కడ గాలి ఎక్కువ ఉంటుందా?

నాగావళి · సెప్టెంబరు 3, మధ్యాహ్నం 12:32

దయచేసి వద్దండీ. చేతులు జోడించి అడుగుతున్నాను. పీట్ అంటే ఒకప్పుడు జనం ఎండబెట్టి పొయ్యిలో పెట్టుకున్న కట్టెలాంటిది. పైన మంట ఆరిపోయినా లోపల రోజుల తరబడి రగులుతూ ఉంటుంది, ఇంకెక్కడో పైకి లేస్తుంది. 2018 జూన్‌లో సాడిల్‌వర్త్ మూర్ తగలబడితే ఆర్పడానికి సైన్యం రావాల్సి వచ్చింది. ఆ పొగ మాంచెస్టర్ దాకా వచ్చింది, నా బాల్కనీలో కూర్చుంటే గొంతు మండింది. వెయ్యేళ్లు పేరుకున్నది ఒక మధ్యాహ్నంలో పోతుంది.

ఉప్మా ఇంట్లో చేసి వేడిగా ఫ్లాస్క్‌లో పెట్టుకోండి. ఇంకో మాట. నాలుగు ఫ్యామిలీలు అంటే పదిహేను మంది. అంతమంది అయితే రాళ్లు పరిచిన కొండకే వెళ్లండి, మామ్ టార్ అందుకు తయారుగా ఉంది. ఇక్కడ అంతమంది మెత్తటి నేల మీద పక్కపక్కన నడిస్తే ఒక్క వానాకాలంలో అది బురద కాలువ అవుతుంది.

కృష్ణా తీరం · సెప్టెంబరు 3, మధ్యాహ్నం 1:05

అర్థమైంది అండీ. ఇంత తెలియదు. స్టవ్ ఇంట్లోనే ఉంటుంది.

చేనేత బిడ్డ · సెప్టెంబరు 3, రాత్రి 11:18

పెన్నైన్ వే మీద ఆ రాతి పలకల గురించి ఒక విషయం. చాలా మటుకు అవి మూతబడి, కూల్చేసిన పత్తి మిల్లుల నేల మీద పరిచిన బండలు. హెలికాప్టర్లలో తెచ్చి దించారు. జాగ్రత్తగా చూస్తే కొన్నింటి మీద గుండ్రటి బొక్కలు, గాడులు కనిపిస్తాయి, యంత్రాలు బిగించిన గుర్తులు.

మా తాత చీరాలలో గుంట మగ్గం మీద నేసేవాడు. మిల్లు గుడ్డ వచ్చి తమ నేతను ఎలా దెబ్బ తీసిందో వాళ్ల నాన్న చెప్పేవాడని నాకు చెప్పేవాడు. సీమ గుడ్డ అనేవారు దాన్ని. మొదటిసారి ఆ బొక్కలున్న బండ మీద కాలు పెట్టినప్పుడు నేను ఆగిపోయాను. వంగి చేత్తో తడిమాను. మధ్యలో అరిగి నున్నగా ఉంది. ఏళ్ల తరబడి ఎవరో కూలి ఆడమనిషి నిలబడి అరగదీసిన నున్నదనం. 1931లో గాంధీ గారు డార్వెన్ వచ్చి మిల్లు కార్మికులను కలిసినప్పుడు, పని పోయినా వాళ్లు ఆయన్ని ఆప్యాయంగా పలకరించారని చదివాను. ఆ బండ మీద కోపం రాలేదు నాకు.

టైన్ ఒడ్డు · సెప్టెంబరు 4, సాయంత్రం 6:02

న్యూకాజిల్ వైపు వచ్చేవాళ్లకు నా మాట కూడా: చీవియట్ కొండల్లో విండీ గైల్, 619 మీటర్లు. సరిగ్గా ఇంగ్లాండ్, స్కాట్లాండ్ సరిహద్దు కంచె మీద. పైన కంచు యుగం నాటి రాళ్లగుట్ట ఉంది. కోకెట్ లోయలోంచి ఎక్కుతుంటే రోజంతా గొర్రెలే తోడు. పక్కనే సైన్యం తుపాకుల శిక్షణ స్థలం ఉంది, ఎర్ర జెండా ఎగిరితే అటు పోకూడదు. లాంకాస్టర్ దగ్గర బోలండ్‌లో వార్డ్స్ స్టోన్ కూడా మంచిది, 561 మీటర్లు. 2004 దాకా ఆ కొండల్లో చాలా భాగం మామూలు జనానికి నడిచే హక్కే లేదు.

గోదారి గట్టు · సెప్టెంబరు 5, రాత్రి 8:15

ఇంకొక సందేహం. ఆ విమానం గురించి మా వాడు విన్నాడు, చూస్తానంటున్నాడు. పిల్లలు చూడదగ్గదేనా?

పాలమూరు పిల్ల · సెప్టెంబరు 5, రాత్రి 9:00

చూడొచ్చు అన్నయ్యా, ముందు కూర్చోబెట్టి చెప్పి తీసుకెళ్లాలి. అది అమెరికా వైమానిక దళం బీ-29, ఓవర్ ఎక్స్‌పోజ్డ్ అని పేరు. 1946లో బికినీ దీవుల అణు పరీక్షలను ఫోటోలు తీసిన విమానం. 1948 నవంబరు 3న స్కాంప్టన్ నుంచి బర్టన్‌వుడ్ వెళ్తూ, మేఘంలో హయ్యర్ షెల్ఫ్ స్టోన్స్ దగ్గర కొండను ఢీకొంది. పదమూడు మందీ చనిపోయారు. ఇంజిన్లు, చక్రాల కాళ్లు ఇప్పటికీ నల్లమట్టిలో అలాగే పడి ఉన్నాయి. ఒక స్మారక శిల ఉంది, జనం చిన్న చెక్క శిలువలు, ఎర్ర పాపీ పూలు పెడతారు.

మేము ఆ తర్వాతి వేసవిలో మళ్లీ వెళ్లి చూశాం. అక్కడ ఎవరో ఇంజిన్ ఎక్కి ఫోటో దిగుతుంటే మా ఆయన వెళ్లి మెల్లిగా చెప్పాడు, దిగిపోయారు. ఒక్క మేకు కూడా తీసుకోకూడదని మీ వాడికి చెప్పండి.

గోదారి గట్టు · అక్టోబరు 6, రాత్రి 10:10

వెళ్లొచ్చాం. నిన్న ఆదివారం. నెల రోజులు ఎదురుచూశాం, రెండు వారాలు మబ్బు వల్ల మానుకున్నాం.

ఉదయం ఎనిమిదికి స్నేక్ పాస్ చేరాం, ఇంకో కారు ఒక్కటే ఉంది. డెవిల్స్ డైక్ గాడిలోకి దిగగానే రోడ్డు చప్పుడు తలుపు వేసినట్టు ఆగిపోయింది. మా ఆవిడ వెనక్కి తిరిగి నా మొహం చూసింది. ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. ఆ గాడి గోడలో, నా భుజం ఎత్తున, మట్టిలోంచి చెట్టు వేరు ముక్క ఒకటి బయటికి వచ్చి ఉంది. ముట్టుకుంటే తడిసిన అట్టలా మెత్తగా ఉంది. చుట్టుపక్కల మైళ్ల దూరం ఒక్క చెట్టు లేదు. ఎప్పుడో ఉండేది అన్నమాట.

హెర్న్ క్లాఫ్ నీళ్లు మన ఇంట్లో డికాక్షన్ రంగు. పీట్ వల్లేనట. హెదర్ పూలు వాడిపోయి గోధుమరంగు అయ్యాయి. గ్రౌస్ పిట్టలు కాళ్ల దగ్గర్నుంచే గబుక్కున లేచి అరుస్తాయి. గో బ్యాక్, గో బ్యాక్ అంటాయని ఇక్కడివాళ్లు చెప్తారు. మా వాడికి మాత్రం "ఎవరక్కడ, ఎవరక్కడ" అన్నట్టు వినిపించిందట. దారంతా దిక్సూచి వాడి చేతిలోనే ఉంది.

వెయిన్ స్టోన్స్ రెండూ మొహాలు దగ్గర పెట్టుకున్నట్టే ఉన్నాయి, వాటి పక్కన గాలి తగలని చోట కూర్చుని పులిహోర తిన్నాం. గంటసేపు ఎవరూ రాలేదు. తర్వాత ఒక పెద్దాయన ఒక్కడే ఉత్తరం నుంచి వచ్చాడు. పొద్దున క్రౌడెన్‌లో బయల్దేరాడట. పులిహోర పెడితే కాదనకుండా తిన్నాడు. పోపులో శనగపప్పు ఏంటని అడిగాడు. యాభై ఏళ్లుగా ఈ కొండకు వస్తున్నానని, తన కుర్రతనంలో ఇక్కడ పచ్చదనం లేదని, అంతా నల్లగా ఉండేదని చెప్పాడు. చేత్తో చుట్టూ చూపించాడు. నాగావళి గారూ, మీరు నాటిన నాచు ఏ మూల ఉందో తెలియదు కానీ, నాకు మీరే గుర్తొచ్చారు.

విమానం దగ్గరికి ఈసారి పోలేదు. ఆకాశం బాగానే ఉంది, కానీ దారి వదలొద్దని సీమ రాయి తమ్ముడు చెప్పాడు కదా. మా వాడు ఒప్పుకున్నాడు. ఎండాకాలం దాకా ఆగుతానన్నాడు.

నాగావళి · అక్టోబరు 7, ఉదయం 7:20

ఆఫీసుకి వెళ్తూ రైల్లో చదివాను. రెండుసార్లు చదివాను.

సీమ రాయి · అక్టోబరు 7, మధ్యాహ్నం 1:40

చాలా సంతోషం అన్నా. ఇంకోసారి అటువైపు నుంచి ఎక్కండి, క్రౌడెన్ వైపు, లాంగ్‌డెండేల్ లోయలో టోర్‌సైడ్ జలాశయం దగ్గర్నుంచి. అక్కడ పాత రైలు పట్టాల జాడ మీద నడకదారి వేశారు, ఆ లైన్ 1981లో మూసేశారు. ఎక్కడం బాగా ఎక్కువ, ముందు మీరొక్కరే చూసి రండి. శీతాకాలంలో కుందేళ్లు తెల్లబడతాయి, ఇంగ్లాండ్ మొత్తం మీద కొండ కుందేళ్లు ఉన్నది ఈ పీక్ డిస్ట్రిక్ట్‌లోనే.

గోదారి గట్టు · జనవరి 19, సాయంత్రం 5:45

ఈ చర్చ పాతదైపోయింది, అయినా ఇక్కడే రాయాలనిపించింది. పొద్దున టోర్‌సైడ్ వైపు నుంచి ఒక్కడినే ఎక్కాను. మ్యాప్, దిక్సూచి, రెండు స్వెట్టర్లు, విజిల్ అన్నీ ఉన్నాయి. మంచు ఎక్కడా లేదు. క్లాఫ్ ఎడ్జ్ దాటాక టీ తాగుదామని ఫ్లాస్క్ మూత తిప్పుతుంటే, ముందు పీట్ గట్టు మీద తెల్లటి ప్లాస్టిక్ సంచి పడి ఉందనుకున్నా. ఎవరు పారేశారో, తీసేద్దామని లేచాను. దానికి చెవులున్నాయి. చెవి కొనలు మాత్రం నల్లగా. నల్లటి మట్టి మీద అంత తెల్లగా, దాక్కోవడానికి మంచు లేక, కదలకుండా నన్నే చూస్తోంది. నేను మూత పట్టుకుని అలాగే ఉండిపోయాను. చాలాసేపటికి అది లేచి, తొందరేమీ లేనట్టు, గట్టు అవతలికి వెళ్లింది. టీ చల్లారిపోయింది.

పాలమూరు పిల్ల · జనవరి 19, సాయంత్రం 6:10

ఏ చోటో ఇక్కడ రాయకండి అన్నయ్యా. నాకు విడిగా చెప్పండి చాలు.